సొంత సగం

ఫుట్‌బాల్ క్లబ్బు సెక్రటరీ పోయిన వారం మా ఆఫీసుకు వచ్చి, ఒక సిమెంటు బెంచీకి ప్లాను గీసిమ్మని అడిగాడు. వీపు ఆనించుకునే బెంచీ. వెనుక పలక మీద పేరు చెక్కిస్తారట. ఎవరి పేరో నేను అడగలేదు. ప్రొద్దుటూరులో బంగారం అంగళ్లు చాలా ఉన్నాయి గాని, బంతాటకు ప్రాణం పెట్టిన శెట్టి ఒక్కడే. ఆయన పోయిన నెల పోయాడు.

"మైదానంలో ఎక్కడ వేయాలి?" అన్నాను. స్థలం చూపించని ప్లాను ప్లాను కాదని మాకు చదువులో నేర్పారు.

"ఇంగ యాడప్పా, తూర్పు పక్క, వేపచెట్ల కింద, కుర్చీల వరసలో. ఆయప్ప జాగా అదే గదా" అన్నాడు సెక్రటరీ.

అది ఆయన జాగా కాకుండా పోయి చాలా ఏండ్లయింది. ఆ సంగతి సెక్రటరీకి తెలుసు. నాకు తెలుసని కూడా ఆయనకు తెలుసు. ఇద్దరం కాసేపు బల్ల మీది స్కేలును చూసి, తరువాత సిమెంటు పర్మిట్ల గురించి మాట్లాడుకున్నాం.

శెట్టిని తలుచుకుంటే నాకు ముఖం కంటే ముందు వస్తువులు గుర్తుకొస్తాయి. ఎంత ఎండలోనూ విప్పని గొడుగు. కుర్చీ మీద పరుచుకునే తువ్వాలు. మెడ సన్నంగా ఉన్న ఇత్తడి చెంబు. నోట్లో ఆకు, వక్క. ఆట మొదలవగానే అది ఉమ్మేసి, ఆఖరి విజిల్ దాకా మళ్లీ వేసుకునేవాడు కాదు. "నోరు ఖాళీగా ఉండాలప్పా, ఎప్పుడు అరవాల్సి వస్తాదో" అనేవాడు.

ఆయన అరిచే మాట ఒక్కటే. ఆప్సైడ్. ఊరంతా ఆయనను ఆప్సైడ్ శెట్టి అనేది, ఎదురుగా కూడా అనేది; ఆయన కోపగించుకునేవాడు కాదు. ఆటలో మిగిలిన నియమాలు మా ఊళ్లో అందరికీ అంతో ఇంతో తెలుసు. ఆఫ్‌సైడ్‌ను మాత్రం ఊరికి నేర్పింది ఆయనే. పడుచుతనంలో నగల పని నేర్చుకోవడానికి మద్రాసులో ఉన్నప్పుడు అక్కడి మైదానాల చుట్టూ తిరిగి వంటబట్టించుకున్నాడట. అంగట్లో వక్కలు, ఆకులు పేర్చి, వచ్చినవాళ్లకు వచ్చినట్టే పాఠం చెప్పేవాడు. "ఈ వక్క మనోడు. ఈ వక్క వాళ్ల గోలీ, గోలు కాసేటోడు. బంతి రాకముందే వీడు పోయి గోలీ పక్కన నిలబడుకుంటే ఏమనాల?" కమ్మలు కొనడానికి వచ్చిన ఆడవాళ్లు సైతం "ఆప్సైడు" అని జవాబు చెప్పి, ఆ తరువాతే బేరంలోకి దిగేవాళ్లు.

ఆ మాట ఆటలో ఆగలేదు. ధర మరీ తగ్గించి అడిగిన ఆమెతో, "అమ్మా, నువ్వు ఆప్సైడుకు పోతాండావు, రోంత ఎనక్కి రా" అనేవాడు. పిలవకముందే పెండ్లికి దిగబడ్డ జమ్మలమడుగు చుట్టాన్ని "ఈయన మా ఆప్సైడు బావ" అని అందరికీ చూపించాడు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయినప్పుడు, కర్నూల్లో అప్పుడే ఇల్లు కట్టించుకున్న తన షడ్డకుణ్ణి తలుచుకొని, "బంతి రాకముందే పోయి నిలబడినాడప్పా, పాపం జెండా ఎత్తేసినారు" అన్నాడు. ఆ మాట వారం తిరగకుండా మా ఆఫీసు దాకా వచ్చింది.

ఆటగాళ్లను ఆయన గీటురాయి మీద రుద్దినట్టు చూసేవాడు. "వీనిలో రాగి ఉండాది." "వీడు పైపూతే, లోపల ఇత్తడి." మేలిమి అని ఒక్కణ్ణే అనేవాడు, మా సెంటర్ ఫార్వర్డ్‌ను. అతను హరిజనవాడ మనిషి. వాళ్ల నాయన చెప్పులు కుట్టేవాడు. మా బంతి కుట్లు విడిపోతే కుట్టిపెట్టేదీ ఆయనే. బంతి కుర్చీల వైపు దొర్లివస్తే శెట్టి లేచి రెండు చేతులా ఎత్తుకొని, ఉత్తరీయంతో దుమ్ము తుడిచి లోపలికి విసిరేవాడు. "తోలు గదా శెట్టీ, స్నానం చేసి వచ్చినట్టుండావే" అని పక్క కుర్చీలోని వకీలు ఒకసారి ఎగతాళి చేశాడు. "బంతికీ బంగారానికీ మైల ల్యాదు లేప్పా" అన్నాడు శెట్టి.

హాఫ్‌టైమ్‌లో నీళ్లు పోయడం ఆయన పని. ఎవరూ అప్పగించలేదు, ఆయనే పెట్టుకున్నాడు. తక్కిన ఆటగాళ్లకు గ్లాసు ఇచ్చేవాడు. సెంటర్ ఫార్వర్డ్ వచ్చి వంగి దోసిలి పట్టేవాడు. శెట్టి చెంబు ఎత్తిపట్టి పైనుంచి సన్నటి ధారగా పోసేవాడు. బంగారం కరిగించి అచ్చులో పోసిన చేయి, వణికేది కాదు. పోస్తూనే "ఎడమ పక్క బ్యాకు ముసిలోడు, వాని పక్కే పోరా" అని చెప్పేవాడు. అతను తాగుతూనే తల ఊపేవాడు. చుట్టూ కుర్చీల్లో మేమందరం ఉండేవాళ్లం. మాకు అందులో చూడవలసినది ఏదీ కనిపించలేదు.

జమ్మలమడుగు జట్టుతో ఆడిన ఒక ఆట గురించి ఇక్కడ చెప్పాలి. మా బ్యాకు బలంగా తన్నిన బంతి మధ్య గీత దాటి పోయింది. గీతకు ఇవతల, మా సగంలోనే నిలబడి ఉన్న సెంటర్ ఫార్వర్డ్ ఉరికి దాన్ని అందుకొని గోలు వేశాడు. అతని ముందు ఒక్క గోలీ తప్ప ఎవరూ లేరు కాబట్టి రెఫరీ ఆఫ్‌సైడ్ అని విజిల్ వేశాడు. శెట్టి కుర్చీ తన్నేసి, గొడుగు పట్టుకొని మైదానంలోకి ఉరికాడు. పంచె ఊడిపోతుందేమోనని మేం భయపడ్డాం.

"యాడప్పా ఆప్సైడు? వాడు యాడ నిలబడి ఉండె?" అని గొడుగు మొనతో నేల మీద గీటు గీశాడు. "గీతకు ఈ పక్క. ఇది మా సగం. సొంత సగంలో ఉండేటోనికి ఆప్సైడు ల్యాదు! వాన్ని ఎవురూ తప్పు పట్టేదానికి ల్యా!"

రెఫరీ నిజాయితీపరుడు. కాస్త ఆలోచించి గోలు ఇచ్చాడు. దక్షిణం గోలు వెనుక నుంచి చూసే హరిజనవాడ వాళ్లు ఈలలు వేసి, "సెట్టిగారికీ" అని ఒకడు అంటే "జై" అన్నారు. ఆ తరువాత చాలా రోజులు పిల్లలు గోలీలాటలో కూడా "సొంత సగం, సొంత సగం" అని అరుచుకున్నారు.

ఆ మరుసటి ఏడే కొత్త స్టేడియం మాట వచ్చింది.

నేను అంతకు కొన్నాళ్ల ముందే ఎల్.సి.ఇ. అనే సివిల్ ఇంజినీరింగు డిప్లొమా ప్యాసై డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. మా అసిస్టెంట్ ఇంజినీరు కోస్తా మనిషి, పడుచువాడు, ఆట పిచ్చి ఉన్నవాడు. క్లబ్బు వాళ్లు ఒక చిన్న గ్యాలరీకి ప్లాను అడిగితే, ఆయన మైదానం చుట్టూ నాలుగు రోజులు తిరిగి వచ్చి, ఇంకేదో గీశాడు. మైదానం పక్కన, మిద్దెల మీదికి మన్ను తవ్వుకుపోగా మిగిలిన పెద్ద గొయ్యి ఒకటి ఉండేది. ఆ గొయ్యినే సరిచేసి అడుగున ఆట మైదానం చేయాలన్నాడు. తవ్విన మట్టితో చుట్టూ గుండ్రంగా మెట్లు. మెట్ల మీద కడప రాళ్లు. స్తంభాలు లేవు, కప్పు లేదు, సిమెంటు దాదాపు లేదు. ఎక్కడ కూర్చున్నా ఆట మొత్తం కనిపిస్తుంది. లోపలికి పోవడానికి ఒకే వాలు దారి. ట్రేసింగ్ క్లాత్ మీద ఆ మెట్ల వలయాలను సిరాతో ఎక్కించింది నేనే. వృత్తలేఖిని తిప్పుతూ తిప్పుతూ, ఇంత అందమైనది మళ్లీ నా చేతికి రాదేమో అనుకున్నాను.

క్లబ్బు వాళ్లు ఒక ఆదివారం పొద్దున ఒక పత్తి గోదాము మిద్దె మీది గదిలో సభ పెట్టారు. ఆట చూసేవాళ్లంతా వచ్చారు. ఆటగాళ్లు లోపలికి వచ్చారు. సెంటర్ ఫార్వర్డ్ మాత్రం మెట్ల మీదే నిలబడ్డాడు. నీలం ప్రింటును గోడకు కొట్టాం. అభిప్రాయాలు చెప్పమని ప్రెసిడెంటు అన్నాడు.

"ఏందప్పా ఇది, దిగుడుబావి మాదిరి ఉండాది!" అన్నాడు సోడా అంగడి ఆయన.

ఆ మాట పట్టుకుంది. అక్కడి నుంచి ఎవరూ దాన్ని స్టేడియం అనలేదు.

"బావిలో బంతాట ఆడేది కప్పలప్పా."

"వాన కురిస్తే ఈత పోటీలు పెట్టుకుందాం, ఇంగేం."

"నువ్వు ఊరికే ఉండు మామా. చూడు, ఎంత సొంపుగా ఉండాదో. గండికోటలో గూడా ఇట్లాంటిది ల్యా" అన్నాడు ఒక మగ్గం నేత ఆయన. ఎప్పుడూ నేల మీద చతికిలబడి, ముందువాళ్ల వీపులు చూసి పోయే మనిషి. "మొట్టమొదటిసారి నాకు రెండు గోలు పోస్టులూ కనపడ్తాయి."

"నైరుతిలో గొయ్యి పనికిరాదు" అన్నాడు ఒక పురోహితుడు. "అది ఇంటికి సామీ, ఆటకు గాదు" అని నలుగురు ఆయన మీద పడ్డారు.

నా దగ్గర అభ్యంతరాల పట్టిక ఉంది, ముందే ఊహించి రాసుకున్నది. నీళ్లు నిలవడం: అడుగున కాలువ, వాలు వంకలోకి, వంక పెన్నలోకి. మట్టి జారడం: రాతి కట్టు. గాలి, దుమ్ము: గుంత కాబట్టి తక్కువే. ఒక్కొక్కటే చెప్పి కొట్టివేశాను. పట్టిక అయిపోయింది. ఇక అడగడానికి ఏమీ మిగలలేదని నేను సంతోషపడ్డాను.

అప్పుడు వకీలు నెమ్మదిగా అడిగాడు. "కుర్చీలు యాడ వేస్తారు?"

"కుర్చీలుండవండీ. అందరికీ మెట్లే" అన్నాడు ఇంజినీరు.

"అందరికీ అంటే... దక్షిణం పక్క వాళ్లకు?"

"దక్షిణం, తూర్పు ఏమీ లేదండీ, గుండ్రమే కదా. ముందొచ్చినవాళ్లు ముందు మెట్టు."

సోడా అంగడి ఆయన విసనకర్ర ఊపడం ఆపాడు. కాసేపటికి వెనుక నుంచి ఎవరో, ముసలి గొంతు, "బావి అన్నాక దిగేదానికి ఒక కట్టుబాటు ఉంటాది గదా" అన్నాడు. ఎవరూ అటు తిరిగి చూడలేదు. అందరూ శెట్టి వైపు చూశారు.

శెట్టి లేచి ప్రింటు దగ్గరికి పోయాడు. వలయాల మీద వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. వేలు దక్షిణం వైపుకు వచ్చినప్పుడు కాస్త ఆగింది. ఆయనకు ఆ ప్లాను నచ్చింది. నగిషీ బాగా కుదిరిన నగను చూసినప్పటి చూపు అది, నేను ఎరుగుదును. కాని గది ఆయన నోటి మాట కోసం ఎదురు చూస్తోంది.

"ప్లాను మేలిమి. వంక పెట్టేదానికి ల్యా" అన్నాడు. తరువాత మా వైపు తిరిగాడు. "అయితే ఒగటే. మన ఊరికంటే ముందరికి పోయి నిలబడుకోని ఉండాది. ఆప్సైడు!"

గది ఫెళ్లున నవ్వింది. ఎంతో సేపు నీళ్లలో మునిగి తల పైకెత్తినవాళ్లు గాలి పీల్చుకున్నట్టు నవ్వారు. వకీలు శెట్టి వీపు తట్టాడు. ఇంజినీరు అర్థం కాకపోయినా మర్యాదకు నవ్వాడు. నేనూ నవ్వాను. మెట్ల మీద నిలబడిన మనిషి నవ్వలేదు. నవ్వు ఆగేసరికి అతను అక్కడ లేడు.

ఓట్లు కూడా అడగలేదు. ప్రింటు చుట్టి నా చేతికిచ్చారు.

తరువాతి ఆట పులివెందుల జట్టుతో. హాఫ్‌టైమ్‌లో శెట్టి ఎప్పటిలాగే చెంబు పట్టుకొని గీత దగ్గరికి పోయాడు. అందరికీ గ్లాసులు ఇచ్చాడు. సెంటర్ ఫార్వర్డ్ రాలేదు.

"రారా, ఎండ శానా ఉండాది. దోసిలి పట్టు."

అతను దగ్గరికి వచ్చాడు గాని చేతులు చాపలేదు.

"సెట్టిగారూ, సొంత సగంలో ఉండేటోనికి ఆప్సైడు ల్యాదని మీరే గదా చెప్పినారు. ఈ ఊరు మాది గాదా?"

మెల్లగానే అడిగాడు. కుర్చీల్లోని వాళ్లకు వినిపించింది. అడిగినవాడు మైదానం అడ్డంగా నడిచి దక్షిణం పక్కకు పోయి, తన వాళ్ల కుండలో నీళ్లు తాగాడు. శెట్టి చెంబు వంచిన చేయి వంచినట్టే ఉండిపోయింది. నీళ్లు గీత మీద పడి సున్నాన్ని కరిగించాయి. అది మళ్లీ గీసేదాకా రెండో సగం మొదలు కాలేదు.

ఆ పై ఆటకు శెట్టి వచ్చాడు గాని తన కుర్చీ దగ్గర ఆగలేదు. తువ్వాలు భుజాన వేసుకొని, గీత వెంబడి నడిచి, దక్షిణం గోలు వెనక్కి పోయి నిలబడ్డాడు. చెంబు తేలేదు.

"ఏం శెట్టీ, ఆడికి పోయినావే?"

"ఈడ నుంచి గోలు బాగా కనపడ్తాదప్పా."

అది నిజమే. కాని గోలు వెనుక నుంచి ఆఫ్‌సైడ్ తెలియదు. ఎవడు ముందున్నాడో, ఎవడు వెనకున్నాడో పక్క నుంచి చూసేవాడికే కనిపిస్తుంది. ఈ సంగతి ఊరికి నేర్పిన మనిషి కావాలనే అక్కడ నిలబడ్డాడు. మళ్లీ ఎన్నడూ ఆ మాట అరవలేదు. అంగట్లోనూ మానేశాడు.

అక్కడ ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. హరిజనవాడ వాళ్లు నేల మీద కూర్చునేవాళ్లు. ఈయన ఒక పక్కగా, గొడుగు మీద బరువు వేసి నిలబడేవాడు. కూర్చోమని వాళ్లు అనలేదు. కూర్చుంటానని ఈయన అడగలేదు. తిరిగి రమ్మని మా వైపు నుంచి మొదట్లో పిలిచారు, తరువాత ఎగతాళి చేశారు, తరువాత మరిచిపోయారు.

ఒకనాడు మా ఆఫీసుకు వచ్చాడు. ప్లాన్లు గీసేవాణ్ణని నన్ను గీతలప్ప అనేవాడు. "గీతలప్పా, ఆ బావి ప్లాను ఇంగా పెట్టుకోని ఉండావా?" అన్నాడు. తీసి పరిచాను. ఇంజినీరుకు అప్పటికే బదిలీ అయింది. శెట్టి చాలాసేపు చూసి, "కమిటీలో మళ్లా చెప్తా" అన్నాడు. చెప్పాడు కూడా. "నువ్వే గదా శెట్టీ ఆప్సైడ్ అంటివి!" అని కమిటీ నవ్వింది. ఆయన ఎన్నిసార్లు ఎత్తినా అదే జవాబు. మాట ఆయనదే కనుక దాన్ని మించిన మాట ఆయన దగ్గర లేదు. గొయ్యిని ఊరి చెత్తతో పూడ్చేశారు.

ఆయన చివరి ఎండాకాలంలో ఒక ఆటకు నేను పోయి ఆయన పక్కన నిలబడ్డాను. మనిషి వడలిపోయి ఉన్నాడు. హాఫ్‌టైమ్‌లో సెంటర్ ఫార్వర్డ్ కుండ దగ్గరికి వచ్చాడు; అప్పటికి అతనికీ వయసు మళ్లుతోంది. శెట్టి అతని దగ్గరికి పోయి, "రోంత నీళ్లియ్యప్పా" అన్నాడు. ఇన్నేండ్లలో అతనితో ఆయన మాట్లాడగా నేను విన్నది అదే.

కుండ మూత మీద అల్యూమినియం గ్లాసు ఉంది. శెట్టి దాని కోసం చేయి చాపాడు. సెంటర్ ఫార్వర్డ్ గ్లాసును చూశాడు, శెట్టిని చూశాడు.

"దోసిలి పట్టండి సెట్టిగారూ" అన్నాడు.

చుట్టూ కూర్చున్నవాళ్లు తలలెత్తారు. శెట్టి గొడుగు నాకిచ్చి, వంగి, దోసిలి పట్టాడు. అతను గ్లాసు ముంచి, ఎత్తి, ధారగా పోశాడు. శెట్టివి అలవాటు లేని చేతులు. వేళ్ల సందుల్లోంచి, మణికట్టు మీది నుంచి నీళ్లు మోచేతులకు కారి, పంచె తడిసింది. అయినా చాలు అనేదాకా తాగాడు. లేచి, తన మోచేతులను చూసుకున్నాడు.

"ఇట్ల కారుతాదే ఇది" అన్నాడు.

"కారుతాది."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ."

శెట్టి తువ్వాలు భుజాన ఉన్నా తుడుచుకోలేదు. రెండో సగం అంతా తడి చేతులతోనే నిలబడి చూశాడు. మళ్లీ మైదానానికి రాలేదు. వానలు పడేలోపే పోయాడు.

నిన్న నేను బెంచీ కాగితం తీసుకొని సెంటర్ ఫార్వర్డ్ దగ్గరికి పోయాను. ఆ ఎండాకాలంతో అతను ఆట మానేశాడు. వాళ్ల నాయన పని చేస్తున్నాడు. ఒళ్లో మా బంతే ఉంది, కుట్లు విడిపోయినది. కాగితం చూపించాను.

"బెంచీనా? ఆయప్పకా?" అని నవ్వాడు. "కూచ్చోనోనికి బెంచీ ఏంటికి సారూ?"

"కమిటీ వేయమంది."

"యాడ?"

"తూర్పు పక్క. వేపచెట్ల కింద."

సూది గుచ్చి, దారం బిగించి లాగాడు. "సరే. మేం పోయి దాని మింద కూచ్చుంటే ఏమంటారు?"

నేను ముందే రాసుకున్న పట్టికలో ఈ ప్రశ్న లేదు. కాగితం చుట్టుకొని వచ్చేశాను.

ఆదివారం కమిటీకి ప్లాను ఇవ్వాలి. పొడవు, వెడల్పు, వీపు వాలు, పేరుకు పలక, అన్నీ సిరాతో పూర్తయ్యాయి. స్థలం మాత్రం ఇంకా పెన్సిలుతోనే ఉంది. తూర్పు పక్కనే ఉంది.